పోర్ట్ లూయిస్ రేవులో సాయంత్రపు నడక: నా అనుభవం

దీపావళి మర్నాడు, అక్టోబరు 21న, మారిషస్ రాజధాని పోర్ట్ లూయిస్‌లో రేవు చుట్టూ సాయంత్రం పూట నడిపిస్తూ ఫ్రెంచి, ఇంగ్లీషు పాలన నాటి సంగతులు చెప్పేవాళ్లకి మెయిల్ పెట్టాను. జవాబు 24న వచ్చింది. మామూలుగా ఈ నడక ఫ్రెంచిలోనో, ఇక్కడి వాడుక భాష క్రియోల్‌లోనో సాగుతుందట. ఇంగ్లీషులో కావాలంటే కనీసం ఆరుగురు పోగవ్వాలి. పోగైతే నవంబరు 7, శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకి. మనిషికి వెయ్యి మారిషస్ రూపాయలు, మన డబ్బులో సుమారు 1,900. కార్డు కుదరదు, నడక మొదలయ్యే చోటే నగదు ఇవ్వాలి. ఆరుగురు అయ్యారని ఖాయం చేసింది నవంబరు 4న. మారిషస్‌కి వారం రోజుల కోసం వచ్చేవాళ్లు ఈ లెక్క చూసుకోండి. విమానం టికెట్టు కొన్న రోజే మెయిల్ పెట్టేయడం మంచిది, దిగాక అడిగితే దొరక్కపోవచ్చు.

నాకు ఆ తొందర లేదు. మా అబ్బాయి ఎబెన్‌లో ఐటీ ఉద్యోగం చేస్తున్నాడు, వాడి దగ్గర కొన్నాళ్లు ఉందామని వచ్చాను. విజయనగరం జిల్లాలో సోషల్ టీచరుగా చేసి రిటైరయ్యాను. అన్నేళ్లు చెప్పిన పాఠాల్లో మారిషస్ పేరు ఒక్క వాక్యంలో వచ్చేది, ఇన్నేళ్లు పనిచేస్తామని కాగితం రాసి ఒప్పంద కూలీలుగా మనవాళ్లు ఏయే దేశాలకు వెళ్లారో చెప్పే జాబితాలో. పిల్లలు దాని కింద గీత గీసుకునేవాళ్లు, నేను తర్వాతి పేరాకి వెళ్లిపోయేదాన్ని. ఇక్కడికొచ్చిన కొత్తల్లో ఒక తెలుగువాళ్ల గుడికి వెళ్లాం. లోపల సింహాద్రి అప్పన్న పటం, పక్కనే పసుపు రాసిన అమ్మోరు. దీపం పెడుతున్న పెద్దావిడకి తెలుగులో మాట్లాడటం రాదు, గోవింద నామాలు మాత్రం ఒక్క తప్పు లేకుండా చదివింది. మీ పెద్దవాళ్లది ఏ ఊరని అబ్బాయి చేత అడిగించాను. "వైజాగ్" అంది. అంతకుమించి ఇంట్లో ఎవరికీ తెలియదంది. అప్పటి నుంచీ ఒకటే పట్టు పట్టాను, వీళ్లు ఓడ దిగిన చోటు చూడాలని.

జవాబులో రాసిన ఇంకో మాట చాలా పనికొచ్చింది. కూలీలు దిగిన డిపోని ఇప్పుడు ఆప్రవాసీ ఘాట్ అంటారు. దాన్ని సాయంత్రం నాలుగింటికే మూసేస్తారు. నడక అక్కడికి చేరేసరికి చీకటి పడుతుంది కాబట్టి బయటి నుంచే చూడాల్సి వస్తుంది, ముందుగా పగటిపూట ఒకసారి లోపలికి వెళ్లి రండి అన్నారు. గురువారం మధ్యాహ్నం ఒక్కదాన్నే మెట్రో ఎక్కి వెళ్లాను. ఘాట్ లోపలికి టికెట్టు ఏమీ లేదు.

ప్రపంచ వారసత్వ స్థలం అంటే మన మనసులో ఒక కోటో, పెద్ద గుడో మెదులుతుంది. 2006లో యునెస్కో గుర్తించిన ఈ చోటు మొత్తం కలిపి 1,640 చదరపు మీటర్లు. అర ఎకరం కూడా లేదు. పాత డిపోలో సగం కూడా మిగల్లేదు. నల్లరాతి గోడలు, ఆసుపత్రి గదులు, వంటశాలల ఆనవాళ్లు, మరుగుదొడ్ల వరస, రేవు వైపు నుంచి పైకొచ్చే రాతి మెట్లు. ఆ మెట్ల రాయి మీద చెయ్యి వేసి చూశాను. అగ్నిపర్వతపు రాయి కదా, ఒళ్లంతా చిన్న చిన్న గుంటలు, ఎండకి చుర్రుమంటోంది. 1834 నుంచి 1920 దాకా ఈ దీవికి దాదాపు ఐదు లక్షల మంది ఒప్పంద కూలీలు వచ్చారు, నూటికి తొంభై పైగా మన దేశం వాళ్లే. డిపో కట్టింది 1849లో. అప్పటి నుంచి వచ్చినవాళ్లంతా ఈ మెట్లు ఎక్కారు. రెండు రోజులు ఇక్కడ ఉంచి, పేర్లు రాసుకుని, నంబరు ఇచ్చి, చెరకు తోటలకి పంపేవాళ్లు. పెద్ద బోర్డులు తక్కువ, చూడాల్సింది తొందరగానే అయిపోతుంది. అయినా మూసేసే వేళయిందని కాపలా మనిషి వచ్చి చెప్పేదాకా కూర్చున్నాను. నేను పగలు వెళ్లకుండా శుక్రవారం రాత్రి కంచె అవతల నుంచే చూసి ఉంటే ఇందులో సగం కూడా తెలిసేది కాదు.

శుక్రవారం మూడున్నరకి ఇద్దరం బయల్దేరాం. పోర్ట్ లూయిస్‌లో ఆఫీసులు వదిలే వేళ అది. మేం ఊళ్లోకి వెళ్తుంటే ఊరంతా మాకు ఎదురొస్తోంది. మెట్రోలో అటు వైపు నిలబడే చోటు లేదు, మా వైపు కూర్చుని వెళ్లాం. ప్లాస్ దార్మ్ అనే పెద్ద కూడలిలో, తాటిచెట్లలాంటి పామ్ చెట్ల వరసల మొదట్లో, మహే ద లా బుర్దొనే విగ్రహం కింద కలవాలన్నారు. వరసల రెండో చివర గవర్నమెంట్ హౌస్, దాని ముందు విక్టోరియా రాణి విగ్రహం. ఒకరిది ఫ్రెంచి కాలం, ఒకరిది ఇంగ్లీషు కాలం. నడుమ ఆఫీసుల వాళ్లు బస్సు కోసం పరుగెడుతున్నారు.

మా గుంపులో రీయూనియన్ దీవి నుంచి వచ్చిన భార్యాభర్తలు, డర్బన్‌లో నాలాగే టీచరుగా చేసిన ఒకాయన, ఇక్కడి బ్యాంకులో పనిచేసే పాతికేళ్ల అమ్మాయి, మేమిద్దరం. గైడుకి యాభై దాటి ఉంటాయి. డబ్బు తీసుకుంటూ నా బొట్టు, చీర చూసి, "మీది ఏ ఊరండీ?" అని తెలుగులో అడిగాడు. బడిలో నేర్చుకున్న తెలుగు, ఒక్కో మాటా ఆచితూచి పలుకుతున్నాడు. వాళ్ల పెద్దలూ మన వైపు వాళ్లేనట. నాకు ప్రాణం లేచొచ్చింది. ముందు వాళ్ల సంగతి చెప్పండి, మా జిల్లా వాళ్లు ఎప్పుడొచ్చారో చెప్పండి అని వెంటపడ్డాను. ఆయన నవ్వి, "చెబుతానమ్మా. అది చివర్లో వస్తుంది. మొదటి నుంచీ వినకపోతే అది అర్థం కాదు" అన్నాడు.

లా బుర్దొనే పేరు నాకు కొత్త కాదు. 1746లో ఇంగ్లీషువాళ్ల దగ్గర నుంచి మద్రాసును పట్టుకున్న ఫ్రెంచి నౌకాదళ నాయకుడు. మొదటి కర్ణాటక యుద్ధం పాఠంలో ఏటా చెప్పేదాన్ని. ఆయన ఓడలు ఎక్కడి నుంచి వచ్చాయని ఏ పిల్లా అడగలేదు, నేనూ చెప్పలేదు. అవి సమకూడింది ఈ దీవిలో. 1735లో గవర్నరుగా వచ్చి పోర్ట్ లూయిస్‌ను రేవుగా, నౌకా స్థావరంగా నిలబెట్టింది ఆయనే. ఓడల మరమ్మతు, గోదాములు, ఆసుపత్రి, నీళ్ల కాలువ, అన్నీ. వాటికి రాళ్లు మోసినవాళ్లలో ఎక్కువమంది మడగాస్కర్ నుంచీ మొజాంబిక్ తీరం నుంచీ పట్టుకొచ్చిన బానిసలు. పాండిచ్చేరి నుంచి తాపీపనివాళ్లని, వడ్రంగులని జీతానికి రప్పించారు. ఆ తర్వాత గైడు చెప్పిన మాటకి నేను ఉలిక్కిపడ్డాను. మన దేశం నుంచి బానిసలను కూడా తెచ్చారట. ఒప్పంద కూలీలకి వందేళ్ల ముందే! మావాళ్లు అంటే 1834 తర్వాత వచ్చినవాళ్లే అనుకుంటూ వచ్చాను నేను.

కూడలికీ రేవుకీ మధ్య హైవే అడ్డం. కింద నుంచి నడిచే సొరంగం దారి ఉంది. దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ మెట్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే తెలుసుకోవాలి. గైడుని అడిగితే ఆగుతాడు, మొహమాటపడకండి. బాత్రూము వాడుకోవాలంటే రేవు ఒడ్డున ఉన్న కోడాన్ వాటర్‌ఫ్రంట్ దుకాణాల్లోనే, ఆ తర్వాత నడక పూర్తయ్యేదాకా ఎక్కడా కనబడలేదు. మంచినీళ్లూ అక్కడే కొనుక్కోవాలి. హైవే పక్క నడుస్తున్నంతసేపూ లారీల మోత, గైడు గొంతు వినబడదు. ముందు వరసలో ఉంటేనే లాభం. సాయంత్రమైతే చల్లగా ఉంటుందని నేను శాలువా తెచ్చుకున్నాను. అక్కర్లేకపోయింది, నవంబరులో ఇక్కడ ఎండాకాలం మొదలవుతుంది. దోమలు మాత్రం ఆరు దాటాక వదల్లేదు.

కోడాన్ అంతా వెలుగులు, ఐస్‌క్రీములు, సెల్ఫీలు. అక్కడ బ్లూ పెన్నీ మ్యూజియంలో 1847 నాటి రెండు తపాలా బిళ్లలు ఉన్నాయి, ప్రపంచంలో చాలా అరుదైనవి. మేం లోపలికి వెళ్లలేదు. పెద్ద ధాన్యపు గోదాము ఇప్పుడు కార్ల పార్కింగు. దాని గోడ పక్కన గైడు చాలాసేపు ఆగాడు. 1980లో పంచదారని గొట్టాల ద్వారా ఓడల్లోకి పోసే టెర్మినల్ వచ్చేదాకా, ప్రతి గోనెబస్తా మనిషి వీపు మీద వెళ్లాల్సిందేనట. వాళ్ల నాన్న ఆ పనే చేశాడు. "మా నాన్నకి కుడి భుజం ఎడమదాని కంటే కిందికి ఉండేది. నేను చిన్నప్పుడు అందరి నాన్నలకీ అంతే అనుకున్నాను, మా వీధిలో అందరూ అలాగే ఉండేవాళ్లు" అన్నాడు. ఈ మాట ఏ పుస్తకంలో దొరుకుతుంది? ఆ వెయ్యి రూపాయలు నాకు అక్కడే గిట్టిపోయాయి.

ఒక బండి దగ్గర ఆగి ధాల్ పూరీ తిన్నాం. తీపి లేని బొబ్బట్టులా ఉంటుంది, మెత్తగా, లోపల పప్పు పొడి. జతగా ఇస్తారు, మధ్యలో కూర, పచ్చడి వేసి చుట్టి. బండివాడు సర్దేస్తున్నాడు, ఇంకాస్త ఆలస్యమైతే దొరికేది కాదు. ఆరున్నరకల్లా ఈ ఊళ్లో జనం ఉండరు. రాత్రి భోజనం ఇక్కడే చేద్దామనుకుంటే కోడాన్‌లో తప్ప కష్టం.

తర్వాత పాత మిలిటరీ ఆసుపత్రి. 1740లో లా బుర్దొనే కట్టించింది. ఇప్పుడు అందులో బానిసత్వం మీద మ్యూజియం ఉంది, 2023లో తెరిచారు. మేం వెళ్లేసరికి తలుపులు మూసేశారు. గోడ పక్కన అరుగులాంటి చోట కూర్చోబెట్టి గైడు ఆ కథంతా చెప్పాడు. సూర్యుడు దిగిపోతున్నాడు, వెలుగు నల్లరాతి గోడ మీద పడుతోంది. ఆయన తారీఖులు వరసగా చెబుతుంటే నేను నోటుబుక్కులో రాసుకున్నాను. 1810 డిసెంబరులో ఫ్రెంచివాళ్లు ఇంగ్లీషువాళ్లకి లొంగిపోయారు. ఆ దాడికి వచ్చిన సైన్యంలో మద్రాసు సిపాయిలూ ఉన్నారు. లొంగుబాటు షరతుల్లో తోటల యజమానుల ఆస్తి ముట్టుకోమని ఇంగ్లీషువాళ్లు మాటిచ్చారు. ఆస్తి అంటే బానిసలు కూడా. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. అప్పటికి 60 వేలకు పైగా బానిసలున్నారు. నష్టపరిహారం సుమారు 20 లక్షల పౌండ్లు ఇచ్చారు, యజమానులకి. బానిసలకి ఇచ్చింది ఏమీ లేదు. పైగా అప్రెంటిసులని పేరు మార్చి 1839 దాకా అదే తోటల్లో పనిచేయించారు. అది కూడా పోయాక వాళ్లు ఆ తోటలు వదిలి దూరం వెళ్లిపోయారు. కొరడా చూసిన చోట ఎవరుంటారు?

మన కూలీలతో కలకత్తా నుంచి అట్లాస్ అనే ఓడ వచ్చింది 1834 నవంబరు 2న. ముప్పై ఆరుగురు. బానిసత్వం రద్దు కావడానికి దాదాపు మూడు నెలల ముందు. నవంబరు 2 ఇక్కడ సెలవు దినం, మొన్న ఆదివారమే ఘాట్ దగ్గర పెద్ద ఉత్సవం జరిగింది. ఫిబ్రవరి 1 కూడా సెలవే. ఆ రెండు తారీఖులూ పక్కపక్కన రాసి చూసుకుంటే నాకు కడుపులో ఏదో తిప్పినట్టయింది. పరిహారంగా ముట్టిన డబ్బులో కొంత మన వాళ్లని తెప్పించుకోవడానికే ఖర్చయింది. నెలకి ఐదు రూపాయలు, బియ్యం, పప్పు, ఐదేళ్ల కాగితం. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోత. చవగ్గా పనిచేసే కొత్త మనుషులు దొరికాక, విడుదలైన బానిసలు మంచి కూలి ఇమ్మని గట్టిగా అడిగే బలం పోయింది. మావాళ్లు తెలిసి చేసింది కాదు. అయినా ఆ గోడ పక్కన కూర్చుని ఆ లెక్క వినడం తేలిక కాదు. మా కథ ముందు చెప్పండి అన్న నన్ను గైడు ఎందుకు ఆపాడో అప్పుడు తెలిసింది.

బ్యాంకు అమ్మాయి అంతదాకా ఏమీ మాట్లాడలేదు. గైడు ఆగాక నెమ్మదిగా చెప్పింది. వాళ్ల ముత్తవ్వ తల్లి వైపు వాళ్ల కోసం నాలుగేళ్లుగా వెతుకుతోందట. ఇంగ్లీషువాళ్లు బానిసల రిజిస్టర్లు రాయించారు, అవి ఇప్పుడు లండన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటిలో వాళ్ల మనిషే అనుకుంటున్న ఒకామె పేరు దొరికింది. అది యజమాని పెట్టిన పేరు. ఎక్కడి మనిషి అన్న చోట 'మొజాంబిక్' అని ఉంది. "అంత పెద్ద దేశం. అక్కడ ఓడ ఎక్కించిన వాళ్లందరికీ అదే రాశారు" అంది. మేమెవ్వరం ఏమీ అనలేకపోయాం. డర్బన్ ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

ఘాట్ దగ్గరికి వచ్చేసరికి ఏడు కావస్తోంది. గేటు మూసుంది. పగలు చూసిన మెట్లు చీకట్లో పోల్చుకోవడానికి నాకు సులువైంది, మిగతావాళ్లకి నేనే చెయ్యి చూపించాను. అక్కడ గైడు మన వాళ్ల సంగతి మొదలుపెట్టాడు. తొలినాళ్లలో కోరంగి రేవు నుంచి, తర్వాత ఎక్కువగా మద్రాసు నుంచి తెలుగువాళ్లు వచ్చారని, గోదావరి, విశాఖపట్నం, గంజాం జిల్లాల మనుషులని చెప్పాడు. కలరా భయంతో ఓడల్ని ఊరి రేవుకి రానీయకుండా చిన్న దీవుల్లో దించేవాళ్లు. 1856లో అలా దించిన రెండు ఓడల వాళ్లు గాబ్రియేల్ దీవిలో ఎండకీ వానకీ సరైన నీడ లేక, నీళ్లు లేక ఎంతోమంది చచ్చిపోయారు. ఒప్పందం తీరినవాళ్లకీ స్వేచ్ఛ లేదు. 1867 చట్టం ప్రకారం ఫొటో అంటించిన పాసు ఎప్పుడూ దగ్గర ఉండాలి, లేకపోతే దేశదిమ్మరి కింద జైలు. తోట నడిపే అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే ఆయన 1871లో వాళ్ల తరఫున అర్జీ రాస్తే 9,401 మంది పాత కూలీలు సంతకాలు, గుర్తులు పెట్టారు. ఆ అర్జీ వల్లే మరుసటి ఏడాది విచారణకి రాయల్ కమిషన్ వచ్చింది. తోటల వాళ్లు ప్లెవిట్జ్‌ను వీధిలో కొట్టారు కూడా.

ఇదంతా చెప్పి, సంచిలోంచి ప్లాస్టిక్ కవరులో పెట్టిన కాగితం ఒకటి తీశాడు. వాళ్ల తాత తాతది. మోకా అనే ఊళ్లో ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో కూలీల రికార్డులు దాచారు, అక్కడి నుంచి తెచ్చుకున్న నకలు. అబ్బాయి ఫోన్ లైటు పట్టుకుంటే నేను చదివాను. పైన ఆరంకెల నంబరు. పేరు, మన సింహాద్రి దేవుడి పేరే. తండ్రి పేరు. వయసు 22. ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు. ఎడమ మోచేతి మీద మచ్చ. జిల్లా విజాగపటం. ఓడ పేరు, ఏ తోటకి పంపారో ఆ పేరు. అన్నిటికంటే కింద, ఊరు. గుమస్తా చెవికి వినబడినట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న ఊరు, 'గుంటియాద' అని చదవాలి. వాళ్లింట్లో మూడు తరాలుగా ఆ ఊరెక్కడో ఎవరికీ అంతుపట్టలేదట. నేను బిగ్గరగా రెండుసార్లు చదివాను. అబ్బాయి నా మొహంలోకి చూశాడు. "అమ్మా, గంట్యాడ?" అన్నాడు. గంట్యాడ విజయనగరానికి దగ్గర్లోనే ఉంది. నేను పరీక్ష డ్యూటీకి వెళ్లిన ఊరు.

అదే అని నేను చెప్పలేదు. గ తో మొదలై అలా పలికే పల్లెలు మా వైపు ఇంకా ఉన్నాయి, ఆశపెట్టి తర్వాత కాదంటే ఆ మనిషికి ఎంత బాధ! కావచ్చు, కనుక్కుంటానని మాత్రం అన్నాను. ఆయన ఆ కవరుని రెండు చేతులా పట్టుకుని, "ఊళ్లో చెరువు ఉందా టీచరమ్మా?" అని అడిగాడు. మా వైపు చెరువు లేని ఊరు ఉండదని చెప్పాను. ఆయనకి కళ్లు నిండాయి, నాకూ అంతే.

అప్పుడు ఆ అమ్మాయి కాగితం ఒకసారి చూస్తానంది. ఊరి పేరు దగ్గర వేలు పెట్టి, "ఒక లైను. ఇలాంటి ఒక్క లైను చాలు" అంది. ఈర్ష్యతో అన్న మాట కాదది. ఆ పక్క వీధిలోనే ఉన్న ఆసుపత్రి గోడ గురించి, ఈ మెట్ల గురించి రెండున్నర గంటలుగా విన్నదంతా ఆ వేలి కింద కనబడింది నాకు. మావాళ్లని మోసగించి తెచ్చారు, నంబర్లేశారు, కోతలు పెట్టారు, నిజమే. కానీ వదిలి వచ్చిన ఊరు అడిగి రాసుకున్నారు. ఆ అమ్మాయి పెద్దవాళ్లని ఎవరూ అదీ అడగలేదు. ఇన్నేళ్లూ నేను పాఠంలో ఈ రెంటినీ వేరువేరు అధ్యాయాల్లో చెప్పాను. మళ్లీ పిల్లలకి చెప్పే అవకాశం వస్తే ఒకే రోజు చెబుతాను, ఫిబ్రవరి 1, నవంబరు 2 బోర్డు మీద పక్కపక్కన రాసి.

ఏడున్నరకి అయిపోయింది. రేవు నుంచి మెట్రో స్టేషనుదాకా గైడే మమ్మల్ని తోడుండి తీసుకెళ్లాడు, ఆ వేళకి వీధుల్లో పిట్ట లేదు. ఒంటరిగా వచ్చే ఆడవాళ్లు ఈ మాట ముందే అడిగి పెట్టుకోండి, తోడు వస్తామని వాళ్లే చెప్పరు. మొత్తం ఖర్చు ఇద్దరికీ నడకకి రెండు వేలు, మెట్రో, ధాల్ పూరీలు, నీళ్లు. అంతే. మెత్తటి అట్టలున్న బూట్లు వేసుకోండి, పాత రాతి పరుపుల మీద నా చెప్పులు కాళ్లని కొరికాయి. వాన పడితే నడక ఆపేస్తారు, డబ్బు వెనక్కివ్వరు గానీ మరో రోజు ఇస్తారు. పిల్లల్ని తెస్తే పన్నెండేళ్లు దాటినవాళ్లనైతే మంచిది. ఆసుపత్రి దగ్గర చెప్పే సంగతులు చిన్నపిల్లలకి బరువు.

ఎవరైనా తమ వాళ్ల కాగితం వెతుక్కోవాలనుకుంటే, గైడు చెప్పినదాన్ని బట్టి, పేరొక్కటీ పట్టుకెళితే లాభం లేదు. అప్పన్నలు, రాములమ్మలు వందల్లో ఉంటారు. నంబరు తెలిస్తే సులువు, లేదా ఓడ పేరు, వచ్చిన ఏడు, పంపిన తోట పేరు, వీటిలో ఏవైనా రెండు ఉండాలి. పాత ఇళ్లలో పెళ్లి కాగితాలు, పుట్టుక కాగితాల మీద ఆ నంబరు ఉంటుందట. గుళ్లో కలిసిన పెద్దావిడకి ఈ సంగతి చెప్పాలని శనివారం మళ్లీ వెళ్లాం. వాళ్ల అత్తగారి ట్రంకుపెట్టె వెతికిస్తానంది.

సోమవారం, 10న, గంట్యాడ దగ్గర పనిచేసిన నా స్నేహితురాలికి ఫోన్ చేశాను. కాగితంలో ఉన్న తండ్రి పేరు, ఇంటిపేరుగా కనిపిస్తున్న మాట చెప్పాను. ఆ ఇంటిపేరు వాళ్లు ఆ చుట్టుపక్కల ఉన్నారు గానీ ఊళ్లో పెద్దవాళ్లని అడగాలి, శుక్రవారం సంతకి వెళ్లినప్పుడు కనుక్కుంటానంది. గైడు అప్పటి నుంచీ రోజూ పొద్దున్నే ఒక మెసేజ్ పెడుతున్నాడు, తెలుగు అక్షరాల్లో, "నమస్కారం టీచరమ్మా" అని మాత్రం. ఏమైందని అడగడు. బ్యాంకు అమ్మాయి డిసెంబరులో లే మోర్న్ కొండకి తీసుకెళతానంది, పారిపోయిన బానిసలు దాక్కున్న చోటు. నా తిరుగు టికెట్టు జనవరికి మార్పించుకున్నాను.